సముద్రం వైపు: ఒక ఇంగ్లీషు మాట, మన తీరాల కథ



ఈనాటి ప్రసంగానికి విషయం ఒక చిన్న ఇంగ్లీషు మాట. ఆ మాట ‘సీవర్డ్’. సముద్రం వైపు అని దాని అర్థం. ఇంత చిన్న మాటకు ఒక ప్రసంగం ఎందుకని మీకు తోచవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే ఉండేది. బరంపురంలో పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి నేను. ఈ మాటను ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాసి, పక్కన అర్థం రాసి, గంట కొట్టగానే తుడిచేశాను. దాని బరువెంతో నాకు తెలియజెప్పినవాడు మాత్రం ఒక ముసలి జాలరి.

1999 అక్టోబరు నెల మధ్యలో గంజాం తీరాన్ని ఒక తుపాను కొట్టింది. ఆ నెలాఖరున పారదీప్ దగ్గర తీరం దాటిన పెనుతుపాను ముందు ఇది జనం జ్ఞాపకంలో చిన్నబోయింది గాని, మా వైపు కూలిన ఇళ్లకు లెక్క లేదు. ఆ తర్వాత కొన్ని నెలలకు సముద్రపొడ్డునున్న ఒక చిన్న పట్టణం నుంచి ఒక తాత నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఒడియావారు ‘నోలియాలు’ అని పిలిచే మన తెలుగు జాలరుల కుటుంబం వాళ్లది. చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం ఉంది.

“మాస్టారూ, దీన్లో ఏటి రాసినారో సూసి సెప్పండి” అన్నాడు.

చూశాను. కూలిన ఇంటిని సిమెంటుతో తిరిగి కట్టుకుంటామని వాళ్లు పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు అది. ఆ స్థలం రోడ్డుకు ‘సీవర్డ్ సైడ్’లో ఉంది గనుక అనుమతి ఇవ్వడం కుదరదని రాశారు. నాకు తెలిసిన అర్థమే నేను చెప్పాను: “నీ ఇల్లు సముద్రం వైపు ఉందట తాతా. అందుకని కుదరదట.”

తాత నవ్వాడు. “సంద్రం వైపు గాక మా ఇళ్లు కొండ మీదుంటాయేటి మాస్టారూ? దేనికి సంద్రం వైపు? రోడ్డుకా, గిడ్డంగికా, అలకా?” అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. అర్థం తెలిసిన మాటే, కాని దాన్ని వాక్యంలో చదవడం నాకు రాలేదన్నమాట. ఆ రోజు నుంచి ఈ మాట వెంట పడి నేను తెలుసుకున్నదే ఈవేళ మీకు మనవి చేస్తున్నాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. ‘సీ’ అంటే సముద్రం. ‘వర్డ్’ అనే తోక ఇంగ్లీషులో చాలా పాతది. తిరిగి ఉన్న, ముఖం పెట్టిన అని దాని భావం. ఇంటి వైపు వెళ్లడం ‘హోమ్‌వర్డ్’, వెనక్కు వెళ్లడం ‘బ్యాక్‌వర్డ్’, నేల వైపు ఉన్నది ‘ల్యాండ్‌వర్డ్’. చేతకాని తనాన్ని చెప్పే ‘ఆక్వర్డ్’ అనే మాటలో ఉన్నది కూడా ఈ తోకే. తప్పు వైపు తిరిగినది అని దాని మొదటి అర్థం. భాషాశాస్త్రజ్ఞులు ఈ తోకను లాటిన్‌లోని ‘వెర్తెరె’ అనే క్రియతోను, సంస్కృతంలోని ‘వృత్’ ధాతువుతోను కలిపి చూపుతారు. మూడింటికీ అర్థం తిరగడమే. మనం రోజూ వాడే పరివర్తన, ఆవర్తనం, వర్తులం అనే మాటలు ఆ ధాతువు నుంచి వచ్చినవే. అంటే ‘సీవర్డ్’ అనే పరాయి మాటలో సగం మనకు దూరపు చుట్టమే.

ఇక వాక్యంలో ఈ మాట నడిచే తీరు గమనించండి. ముఖ్యంగా నాలుగు విధాలున్నాయి. మొదటిది, క్రియ పక్కన చేరి కదలికను చెప్పడం. ‘ద బోట్స్ మూవ్డ్ సీవర్డ్’ అంటే పడవలు సముద్రం వైపు సాగాయని. చివర ఒక ‘స్’ చేర్చి ‘సీవర్డ్స్’ అన్నా ఇదే అర్థం; బ్రిటిషు వారి రాతల్లో ఇది తరచు కనిపిస్తుంది. రెండవది, పేరు ముందు నిలబడి విశేషణం కావడం. ‘ద సీవర్డ్ వాల్’ అంటే సముద్రం వైపు గోడ. ఇక్కడ ‘స్’ చేరదు. మూడవది, నావికుల పలుకుబడి. వాళ్లు ‘టు సీవర్డ్’ అంటారు. ‘ఎ సెయిల్ టు సీవర్డ్’ అంటే సముద్రం వైపున ఒక తెరచాప కనబడుతోందని. నాలుగవది ‘సీవర్డ్ ఆఫ్’ అనడం. ‘హోప్ ఐలండ్ లైజ్ సీవర్డ్ ఆఫ్ కాకినాడ’ అంటే హోప్ ద్వీపం కాకినాడకు సముద్రం వైపున ఉన్నదని. తాత అడిగిన ప్రశ్నకు జవాబు ఈ నాలుగో పద్ధతిలో ఉంది. దేనికి సముద్రం వైపు అన్నది అందులో విప్పి చెప్పక తప్పదు. మిగిలిన మూడింటిలో ఆ ‘దేనికి’ అన్నది దాగి ఉంటుంది. చదివేవాడే వెతికి పట్టుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘సీవర్డ్ విండ్’ అంటే సముద్రం నుంచి వీచే గాలి అని కొన్ని నిఘంటువులు అర్థం చెబుతాయి. మాట రూపాన్ని బట్టి చూస్తే సముద్రం వైపు పోయే గాలి కావాలి గదా! గాలికి ఎప్పుడూ పుట్టిన చోటును బట్టి పేరు పెట్టడం లోకరీతి. తూర్పుగాలి అంటే తూర్పు నుంచి వచ్చేదే. కాని నీటి ప్రవాహం విషయంలో నావికులు అది పోయే దిక్కును బట్టి పేరు పెడతారు. కాబట్టి గాలి విషయంలో ‘సీవర్డ్’ అన్న మాట కనిపిస్తే కాస్త ఆగి, ముందూ వెనుకా చూసుకుని చదవాలి.

ఉత్తరం, దక్షిణం అనే దిక్కులు ఎక్కడ నిలబడినా మారవు. సముద్రం వైపు అనే దిక్కు అలా కాదు, మనం నిలబడిన తీరాన్ని బట్టి మారిపోతుంది. మద్రాసులో సముద్రం తూర్పు, గోపాలపురంలోను, పూరీకి ఇవతలి తీరంలోను ఆగ్నేయం. అదే పొట్ట చేతబట్టుకుని ముంబయి చేరి అక్కడ తరాలుగా స్థిరపడ్డ మన తెలుగు వారికి సముద్రం పడమర. మంగళూరు, ఉడిపి ప్రాంతాల్లోనూ అంతే. ఇంటి ముందు నుంచి సముద్రం వైపు చూసే తెలుగువాడు ఒక చోట సూర్యోదయం చూస్తాడు, ఇంకో చోట సూర్యాస్తమయం చూస్తాడు.

నేల తీరును బట్టి దిక్కులకు పేర్లు పెట్టుకోవడం ఇంగ్లీషు వారి సొత్తేమీ కాదు. తమిళనాట ఉన్న శ్రోతలకు తెలిసిన విషయమే, తమిళంలో తూర్పును ‘కిళక్కు’ అంటారు. ‘కీళ్’ అంటే కింద. పడమరను ‘మేర్కు’ అంటారు. ‘మేల్’ అంటే పైన. పడమటి కనుమల నుంచి నేల తూర్పు సముద్రం వైపు పల్లానికి దిగుతుంది గనుక తూర్పు కింద అయింది, పడమర పైన అయింది. కనుమలకు అవతల మలయాళ దేశంలో నేల పడమటి సముద్రానికి దిగుతుంది. అయినా మలయాళంలో కూడా తూర్పు పేరు ‘కిళక్కు’గానే మిగిలిపోయింది. పడమరకు మాత్రం వాళ్లు సూర్యుడు పడే దిక్కు అనే అర్థం వచ్చే ‘పడిఞ్ఞారు’ అనే మాట వాడుతున్నారు. ఈ దిక్కుల పేర్లు కనుమలకు తూర్పున పుట్టి అటు వెళ్లాయనడానికి దీన్ని ఒక ఆధారంగా కాల్డ్‌వెల్ పండితుడు చూపాడు. కన్నడంలో ‘మూడణ’, ‘పడువణ’ అనే మాటలు, మన తెలుగులో పడమర అనే మాట కూడా సూర్యుడి రాకపోకలను బట్టి పుట్టినవే.

పాత హీబ్రూ భాషలో ‘యామ్’ అంటే సముద్రం. పడమర దిక్కుకు కూడా అదే మాట. వాళ్ల దేశానికి మధ్యధరా సముద్రం పడమటనే ఉంది మరి. బాలి ద్వీపంలో కొండ వైపును ‘కజ’ అని, సముద్రం వైపును ‘కెలోద్’ అని అంటారు. ద్వీపానికి దక్షిణాన ఉన్న ఊళ్లలో ‘కజ’ అంటే ఉత్తరం. ద్వీపానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో అదే ‘కజ’ దక్షిణం అవుతుంది. కొండ నడుమ ఉంది గనుక అక్కడివారికి ఇందులో వింతేమీ లేదు. హవాయి ద్వీపాల్లో సముద్రం వైపును ‘మకయ్’ అని, కొండ వైపును ‘మవుక’ అని అంటారు. అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవారు కూడా దారి చెప్పేటప్పుడు ఈ రెండు మాటలనూ తమ ఇంగ్లీషు వాక్యాల్లోనే కలిపి వాడేస్తారు. రోడ్డు కూడలి దగ్గర మకయ్ వైపు తిరగండి అంటారు. ద్వీపం గుండ్రంగా ఉంటే అక్కడ తూర్పు పడమరల కంటే ఈ మాటలే పనికొస్తాయి.

మనకు మాత్రం తక్కువా? నది ఒడ్డున బతికిన జాతి మనది. ఎగువ, దిగువ అనే మాటలు చూడండి. గోదావరికి ఎగువన భద్రాచలం, దిగువన యానాం అంటాం. ఆ మాటలకు ఉత్తర దక్షిణాలతో పని లేదు. నీరు ఎటు పోతే అదే దిగువ. గౌతమీ పాయ నుంచి కోరంగి పాయ చీలే చోట ఉన్న యానాం వారికి ‘సీవర్డ్’ను తెలుగు చేయమంటే దిగువకు అంటే చాలు, సరిపోతుంది.

మరి ఈ ఇంగ్లీషు మాట మన తీరానికి ఎలా వచ్చింది? ఓడల మీద వచ్చింది. 1639లో ఇంగ్లీషు కంపెనీ వారు మద్రాసులో నేల సంపాదించుకుని కోట కట్టడం మొదలుపెట్టారు. అక్కడ రేవు అనదగింది లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి ఆగేవి. నడుమ విరుచుకుపడే అలలు. ఆ అలల మీద సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. ఒక్క మేకు కూడా లేకుండా, చెక్కలను కొబ్బరి తాటితో కుట్టిన పడవలవి. అల వచ్చి కొడితే పగలకుండా వంగి లేచేవి. వాటిని నడిపింది ఈ తీరపు బెస్తలే. కోటకు సముద్రం వైపు ఒక ద్వారం ఉండేది. సరుకంతా ఆ ద్వారం గుండానే లోపలికి పోయేది.

అక్కడ ఓడవానికీ ఒడ్డువానికీ ఈ దిక్కు ఒకటే అయినా దాని ఫలం వేరు. తుపాను సూచన కనబడితే ఒడ్డు మీది అధికారి గుర్తులు చూపేవాడు. ఓడలన్నీ లంగరు వదిలి సముద్రంలోకి, అంటే ‘సీవర్డ్’గా, పారిపోవాలి. ఒడ్డుకు దగ్గరగా ఉంటే గాలి నేలకేసి కొట్టి ముక్కలు చేస్తుంది. 1746 అక్టోబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బుర్దొనె ఓడలు ఆ నగరం ముందు లంగరేసి ఉండగా తుపాను వచ్చి పడింది. కొన్ని మునిగిపోయాయి, కొన్ని కొయ్యలు విరిగి మిగిలాయి. లోతు నీళ్లలో ఉండడమే ఓడకు క్షేమం. ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి సంగతి దీనికి తలకిందులు. అతను నేల వైపు పరుగెత్తాలి. 1789లోను, 1839లోను కోరంగిని ముంచిన ఉప్పెనల్లో నేల వైపు పరుగెత్తే వ్యవధి కూడా జనానికి దొరకలేదు. ఇలాంటి తుపానులను చదివి, పాము చుట్టను తలపించే గ్రీకు మాట తీసుకుని, ‘సైక్లోన్’ అనే పేరు పెట్టినవాడు కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. 1848లో అచ్చయిన అతని పుస్తకం నావికుల చేతి పుస్తకమైంది.

ఓడలవారి మాట క్రమంగా చట్టంలోకి ఎక్కింది. ఒక దేశం తన సముద్రంగా ఎంత మేర చెప్పుకోవచ్చునన్న ప్రశ్న వచ్చింది. ఫిరంగి గుండు పడేంత దూరం అని ఒకప్పటి లెక్క. అదే మూడు నాటు మైళ్లుగా స్థిరపడింది. నాటు మైలు అంటే సుమారు 1,852 మీటర్లు. మన దేశం 1956లో ఆ హద్దును 6 మైళ్లకు, 1967లో 12 మైళ్లకు పెంచుకుంది. 1976లో దీనికి ప్రత్యేకంగా చట్టమే చేసింది. తీరం వెంట ఒక ఆధార రేఖ గీసుకుని, అక్కడి నుంచి సముద్రం వైపు 12 మైళ్లు కొలుస్తారు. ఆ రేఖకు నేల వైపున్న నీళ్లు దేశం లోపలి జలాలు. 1982 నాటి అంతర్జాతీయ సముద్ర చట్టం కూడా ఇదే పద్ధతి పాటించింది. గమనించండి, ఇక్కడ ‘సీవర్డ్’, ‘ల్యాండ్‌వర్డ్’ అనే మాటలు ఒంటరిగా రావు. ముందు గీత వస్తుంది, తర్వాతే వైపు వస్తుంది. చట్టం రాసేవాడికి ఈ సంగతి తెలుసు. కాగితం అందుకునేవాడికి తెలియకపోతేనే ప్రమాదం.

గీతలన్నీ ఒక్క చోట నిలిచి ఉంటే ఇబ్బంది లేకపోను. మన తూర్పు తీరంలో గీతలు నడుస్తాయి. మద్రాసు కథే చెప్పుకుందాం. 1876 ప్రాంతంలో అక్కడ సముద్రంలోకి గోడలు కట్టి రేవు నిర్మించడం మొదలుపెట్టారు. 1881 నవంబరు తుపాను ఆ గోడలను చాలా మేర కూల్చింది. మళ్లీ కట్టారు. ఈ తీరం వెంట అలలు ఏటా ఎంతో ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. రేవు గోడ ఆ ఇసుకకు అడ్డం పడింది. దక్షిణాన ఇసుక పేరుకుని తీరం సముద్రంలోకి జరిగింది. ఈవేళ మనం చూసే మెరీనా అంత విశాలంగా ఉండడానికి అదే కారణం. గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో అక్కడ విహార మార్గం వేయించి ఆ పేరు పెట్టాడు. ఉత్తరాన మాత్రం రావలసిన ఇసుక రాక సముద్రం నేలను కోసింది. రాయపురం, కాశిమేడు వైపు బండరాళ్లు పేర్చి అలలను ఆపవలసి వచ్చింది. ఒకే గోడ ఒక ఊరికి మైదానమిచ్చి, పక్క పేట ఇళ్లను అలల దగ్గరకు చేర్చింది. ఇప్పటి రాజాజీ సాలైను వెనుక ‘ఫస్ట్ లైన్ బీచ్’ అనేవారు. ఒడ్డున మొదటి వరుస అన్నమాట. ఇవాళ అక్కడ నిలబడి చూస్తే ఎదురుగా రేవు కట్టడాలే గాని అలలు కనబడవు.

గోదావరి దగ్గర ఈ పని నదే చేసింది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన, ఓడలు ఆగిన రేవు. నది తెచ్చిన ఒండ్రు పూడిపోయి అది ఊరికే ఊరుగా మిగిలింది. అదే ఒండ్రుతో సుమారు రెండు శతాబ్దాలలో కాకినాడ ముందు పొడుగాటి ఇసుక దిబ్బ పెరిగింది. మనం ఇందాక చెప్పుకున్న హోప్ ద్వీపం అదే. దాని చాటున కాకినాడ అలల దెబ్బ లేకుండా ఉంది. ఆ చాటు దాటి ఉత్తరాన ఉన్న ఉప్పాడలో మాత్రం సముద్రం ఇళ్లనూ రోడ్డునూ మింగుతూ వచ్చింది.

గంజాం జిల్లాలో రుషికుల్య నది కలిసే చోటుకు దగ్గరగా పొడంపేట అనే ఊరుంది. ఉందనడం కంటే ఉండేదనడమే న్యాయం. మన తెలుగు జాలరుల ఊరు. ఏటేటా అలలు వరుసగా ఇళ్లను పట్టుకుపోతే జనం ఒడ్డు విడిచి లోపలికి జరిగి కొత్త కాలనీలో ఉండవలసి వచ్చింది. పాత ఊరి గోడలు విరిగి ఇసుకలో నిలిచాయి. అక్కడి పెద్దలను మీ ఇల్లెక్కడ అని అడిగితే చేత్తో నీళ్ల వైపు చూపిస్తారు.

ఇక తాత తెచ్చిన కాగితానికి వద్దాం. 1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం సముద్ర తీరాల రక్షణకు ఒక ప్రకటన చేసింది. 1986 నాటి పర్యావరణ చట్టం కింద వచ్చిన ప్రకటన అది. పోటు నీరు చేరే గీత నుంచి నేల వైపు 500 మీటర్ల మేర కట్టడాలకు నియమాలు పెట్టింది. పల్లె తీరాల్లో ఆ గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలు కూడదంది. అప్పటికే పట్టణంగా కట్టుబడిన చోట్లకు ఇంకో పద్ధతి పెట్టింది. అక్కడ కొలత మీటర్లలో లేదు. అప్పటికి ఉన్న రోడ్డుకు సముద్రం వైపు కొత్త కట్టడం కూడదు. అలాగే అప్పటికి ఉన్న అనుమతి పొందిన కట్టడాలకు సముద్రం వైపు కూడా కూడదు. వాటికి నేల వైపు అయితే కట్టుకోవచ్చు. అంటే గీతలు రెండు: ఒకటి రోడ్డు, రెండోది పాత కట్టడం. పైగా అనుమతితో కట్టిన పాత ఇల్లు ఉంటే, దాన్ని అదే కొలతతో, అదే వాడకానికి తిరిగి కట్టుకోవడానికి వీలు కూడా అందులో ఉంది.

తాత “రోడ్డుకా, గిడ్డంగికా, అలకా?” అని అడిగింది ఇదే గదా! చట్టం చదవకుండానే మూడు గీతలనూ వేరువేరుగా చూశాడాయన. వాళ్ల ఇంటికి, అలలకు నడుమ ఒక పాత గిడ్డంగి ఉంది. గోపాలపురం వంటి రేవుల నుంచి రంగూనుకు ఓడలు నడిచిన రోజుల నాటిది. తాత రేకుపెట్టెలోంచి తండ్రి నాటి దస్తావేజు తీసుకొచ్చాడు. 1936కు ముందు గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది గనుక ఆ దస్తావేజు చక్కటి తెలుగులో ఉంది. తూర్పు హద్దు గిడ్డంగి గోడ, ఆ పైన సముద్రం అని రాసి ఉంది. పడమర హద్దు బాట. ఆ తెలుగు మాటలను నేను ఇంగ్లీషులో పెట్టాను. ఇల్లు రోడ్డుకు ‘సీవర్డ్’ అన్న మాట నిజమే, కాని పాత కట్టడానికి ‘ల్యాండ్‌వర్డ్’ అని, ఇంటికి పన్ను కట్టిన రసీదులున్నాయని, కూలిన ఇంటినే అదే కొలతతో కడుతున్నారని రాసి అర్జీ పెట్టించాం. తిరిగి తిరిగి చెప్పులరిగాయి గాని చివరకు అనుమతి వచ్చింది. తాత తన ఇంట్లోనే, తన మంచం మీదనే కన్ను మూశాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కాని మీకు పూర్తిగా చెప్పడం నా ధర్మం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఈసారి ముందుగానే లక్షల మందిని లోపలికి తరలించారు. అందువల్ల ప్రాణాలు దక్కాయి. తాత ఇంటి ముందు గోడ, గిడ్డంగిలో మిగిలిన భాగం మాత్రం పోయాయి. ఆ తర్వాత తాత మనవడు రోడ్డుకు నేల వైపున్న కాలనీకి మారాడు. ఎవరూ పంపలేదు, తనే వెళ్లాడు. “కాయితం గెలిసినాం గాని మాస్టారూ, సంద్రం కాయితాలు సదవదు గదా!” అన్నాడు. పడవ, వల ఒడ్డున ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున వాటి దగ్గరకు నడిచి వస్తున్నాడు.

మరి ఆ అర్జీ దండగ అయినట్టేనా అని నన్ను కొందరు అడిగారు. కాలేదనే నా నమ్మకం. కాగితంలో మాట అర్థం కాక వెళ్లగొట్టబడడం ఒకటి, కళ్లతో చూసి తనంతట తాను జరగడం మరొకటి. ఆ కుటుంబానికి తమ నేల తమదేనని రాతలో మిగిలింది. ఒడ్డు మీద వలలు ఆరబెట్టుకునే హక్కు గురించి ఎవరితోనైనా మాట్లాడడానికి ఆ రాతే ఇవాళ వాళ్ల చేతిలో ఉంది.

1991 నాటి ప్రకటన స్థానంలో 2011లో ఒకటి, 2019 జనవరిలో ఇంకొకటి వచ్చాయి. 2019 నియమాల్లో, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న పల్లె ప్రాంతాలకు కట్టకూడని మేర పోటు గీత నుంచి 200 మీటర్ల బదులు 50 మీటర్లయింది. అంకెలు మారాయి గాని పద్ధతి మారలేదు. ఇప్పటికీ ముందు ఒక గీత, ఆ తర్వాత దానికి ఒక వైపు. కాబట్టి మీ చేతికి ఇలాంటి కాగితం వస్తే, అది ఇంగ్లీషులో ఉన్నా, ఒడియాలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ముందు ఆ గీత ఏదో అడగండి. రోడ్డా, పాత కట్టడమా, పోటు గీతా? ఆ గీతను ఎవరు, ఏ సంవత్సరంలో గీశారు? మీ పటం నాటి తీరమా, ఇవాళ్టి తీరమా? ఈ ప్రశ్నలకు జవాబు రాతలో తీసుకోండి. ఇంట్లో పాత దస్తావేజు ఉంటే, అది తెలుగులో ఉందని చిన్నచూపు చూడకండి. దాన్లో హద్దులు రాసిన తాతలు దిక్కులు బాగా ఎరిగినవారు.

బడిపంతుళ్లకు కూడా ఒక్క మాట. పిల్లలకు ‘సీవర్డ్’ అంటే సముద్రం వైపు అని చెప్పి నల్లబల్ల తుడిచేయకండి. ఒక గీత గీయండి, ఇటు ఊరు, అటు సముద్రం బొమ్మ వేయండి. తర్వాత ఆ గీతను కాస్త జరిపి మళ్లీ అడగండి. నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లో అలాగే చెప్పాను. మొదటి రోజే వెనుక బెంచీలో ఒక జాలరి పిల్లవాడు లేచి, “ఏ గీతకు సార్?” అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. తాత గుర్తుకొచ్చాడు.